పాత అమెరికన్ వెండి డాలర్లను చవకగా సేకరించడం ఎలా?

అమెరికాలో ఏ ఊళ్లో నాణేల ప్రదర్శన జరిగినా, బల్లల మీద ఒక చెక్కపెట్టెలోనో అట్టపెట్టెలోనో నలభై యాభై పాత వెండి డాలర్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. పెట్టె మీద అన్నింటికీ కలిపి ఒకటే ధర చీటీ అంటించి ఉంటుంది. ఆ నాణేల్లో చాలావాటికి ఆ ధర కాస్త ఎక్కువే, కొన్నింటికి సరిపోతుంది, ఒకటి రెండింటికి మాత్రం బాగా తక్కువ. ఆ ఒకటి రెండింటిని ఏరుకోవడానికి ఏమేం తెలిసి ఉండాలో, ఏ వరుసలో నేర్చుకోవాలో, ఎక్కడ ఎలా బేరమాడాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కొందరు ఈ అభిరుచిలోకి వస్తున్నా, తొలి ఏడాదిలోనే అనవసరంగా డబ్బు పోగొట్టుకుని మానేస్తున్నారు. నేనూ మానేసేవాడినే, కాస్తలో నిలదొక్కుకున్నాను.

ముందు ఏ నాణేల గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవాలి. డాలర్ నాణేలను అమెరికా 1794 నుంచీ ముద్రిస్తూ వచ్చింది. వాటిలో కొత్తవారు అందుకోగలిగిన ధరలో, సరిపడా సంఖ్యలో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది జార్జ్ మోర్గాన్ రూపకల్పన చేసిన మోర్గాన్ డాలర్. దాన్ని 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించారు. రెండోది మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక శాంతికి గుర్తుగా తెచ్చిన పీస్ డాలర్. ఆంటొనీ డి ఫ్రాంచీషి బొమ్మ గీసిన ఈ నాణెం 1921 నుంచి 1928 వరకు, తిరిగి 1934, 1935 సంవత్సరాల్లో వెలువడింది. రెండింటికీ కొలతలు ఒకటే: బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, అందులో వెండి 90 శాతం, మిగతాది రాగి. మన ఇళ్లలో కనిపించే బ్రిటిష్ కాలపు వెండి రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు తూగేది. ఆ లెక్కన డాలర్ బరువు రెండు తులాల పైమాటే.

పెద్దగా, తెల్లగా ఉన్న డాలర్ నాణెమల్లా వెండిదే అనుకోవడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. 1971 నుంచి 1978 వరకు వచ్చిన ఐసెన్‌హోవర్ డాలర్లలో చలామణీకి వదిలినవి రాగి, నికెల్ కలిపిన నాణేలు, వాటిలో వెండి బొత్తిగా లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సేకర్తల కోసం ముద్రించి ప్రత్యేకంగా అమ్మిన వాటిలో మాత్రమే 40 శాతం వెండి ఉంది. బరువులోనే తేడా తెలిసిపోతుంది: వెండి కలిసినది 24.59 గ్రాములు, కలవనిది 22.68 గ్రాములు. 2021 నుంచి మోర్గాన్, పీస్ బొమ్మలతోనే టంకశాల కొత్తగా అమ్ముతున్న నాణేలు దాదాపు స్వచ్ఛమైన వెండివే అయినా అవి పాత నాణేలు కావు. వాటి ధరకూ ఈ లెక్కలకూ సంబంధం లేదు.

మొదటి పని: వెండి ధర కట్టడం

ఏ డాలర్‌కైనా కింది హద్దు అందులోని వెండి విలువే. ఒక్కో నాణెంలో 0.7734 ట్రాయ్ ఔన్సుల (బంగారం, వెండి తూచే కొలత) వెండి ఉంటుంది కాబట్టి, ఆనాటి ఔన్సు ధరను 0.7734తో గుణిస్తే ఆ హద్దు తెలుస్తుంది. ఔన్సు 40 డాలర్లున్న రోజున నాణెంలోని వెండి 30 డాలర్ల 94 సెంట్లు అవుతుంది. ప్రదర్శనకు వెళ్లేరోజు ఉదయమే ఈ ఒక్క అంకె కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఆ ధరకు దగ్గరలో దొరికిన మామూలు నాణెం వల్ల పెద్దగా నష్టపోయేది ఉండదు. ఆ ధరకు రెండింతలు చెబుతున్నారంటే ఆ రెండో వంతు దేనికోసం ఇస్తున్నారో మీకు మీరు ఒక వాక్యంలో చెప్పుకోగలగాలి. చెప్పుకోలేకపోతే కొనకండి.

ఈ లెక్కలోనే ఒక మంచి అవకాశం దాగి ఉంది, చాలామంది దాన్ని గమనించరు. వెండి ధర వేగంగా పెరిగినప్పుడు, బాగా అరిగిన మామూలు సంవత్సరాల నాణేలు వెండితోపాటే పైకి పోతాయి. కాస్త అరుదైన సంవత్సరాల ధర మాత్రం అంత తొందరగా కదలదు. 1921 మోర్గాన్ ఒక్క ఫిలడెల్ఫియాలోనే 4 కోట్ల 46 లక్షలకు పైగా ముద్రితమైంది, 1922 పీస్ డాలర్ 5 కోట్ల 17 లక్షలు. అదే ఫిలడెల్ఫియా 1899లో ముద్రించినవి 3 లక్షల 30 వేలు మాత్రమే. వెండి చవకగా ఉన్నప్పుడు ఈ 1899 నాణేనికి మామూలు నాణెం కంటే ఎన్నో రెట్లు ఇవ్వవలసి వచ్చేది, వెండి పెరిగాక ఆ దూరం తగ్గిపోతుంది. అలాంటి రోజుల్లో మామూలు నాణేలు కొనడం మానేసి, ఆ కాస్త తేడా పెట్టి అరుదైనదాన్ని తీసుకోవడం తెలివైన పని. రేపు వెండి పడిపోయినా అరుదైన నాణెం పూర్తిగా దానితోపాటు కిందికి జారదు.

రెండో పని: బొమ్మా బొరుసూ చదవడం

నాణెం ఎక్కడ ముద్రితమైందో తెలియకుండా ధర చెప్పడం కుదరదు. మోర్గాన్ డాలర్‌లో బొరుసు వైపు, ఆకుల దండ ముడికి కింద, డాలర్ అనే పదానికి పైన చిన్న అక్షరం ఉంటుంది. ఓ అంటే న్యూ ఆర్లీన్స్, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, సీసీ అంటే నెవాడాలోని కార్సన్ సిటీ, 1921లో మాత్రం డీ అంటే డెన్వర్. ఏ అక్షరమూ లేకపోతే అది ఫిలడెల్ఫియా నాణెం. పీస్ డాలర్‌లో ఆ అక్షరం బొరుసు వైపు ఎడమ దిక్కున, వన్ అనే పదానికి కింద, గద్ద రెక్క కొసకు దగ్గరలో కనిపిస్తుంది. అమ్మేవాళ్లు హడావుడిలో చీటీ మీద సంవత్సరం మాత్రమే రాసి, అక్షరం రాయడం మర్చిపోయిన నాణేలు నాకు రెండుసార్లు దొరికాయి. అందుకే చీటీ చదవకుండా నాణేన్ని చదవడం అలవాటు చేసుకోవాలి.

ఆ తర్వాత అరుగుదల చూడటం నేర్చుకోవాలి. నాణేల స్థితికి 1 నుంచి 70 వరకు అంకెలు వేస్తారు. 60, ఆపైన అంకె ఉన్నవి చలామణీలో తిరగనివి, వాటిని ఎంఎస్ అంటారు. 50 నుంచి 58 వరకు ఉన్నవి ఎత్తైన చోట్ల మాత్రమే కాస్త ఒరుసుకుపోయిన ఏయూ నాణేలు. ఎక్స్‌ఎఫ్, వీఎఫ్ అని పిలిచేవి అంతకంటే అరిగినవి. మోర్గాన్‌లో ముందుగా అరిగేవి చెవి పైన ఉన్న జుట్టు, గద్ద రొమ్ము. పీస్ డాలర్‌లో స్వేచ్ఛాదేవత చెవి చుట్టూ ఉన్న జుట్టు పాయలు, గద్ద రెక్క మీది ఈకలు. అయితే న్యూ ఆర్లీన్స్ నాణేల్లో చాలావాటికి ముద్ర పడేటప్పుడే ఒత్తిడి చాలక, చెవి పైన జుట్టు చదునుగా ఉండిపోయింది. అది అరుగుదల కాదు. రెండింటికీ తేడా తెలియాలంటే మెరుపును చూడాలి.

నాణేన్ని అంచులు పట్టుకుని, ఒక్క దీపం కింద, నెమ్మదిగా వాలుస్తూ తిప్పండి. తిరగని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకు పాకి, మీరు తిప్పేకొద్దీ అది కూడా గుండ్రంగా తిరుగుతుంది. ముద్ర వేసేటప్పుడు లోహం బయటికి ప్రవహించిన సన్నని గీతల వల్ల ఆ మెరుపు వస్తుంది. ముద్ర సరిగా పడక చదునుగా ఉన్నచోట కూడా ఈ మెరుపు తెగకుండా సాగుతుంది, అరిగినచోట మాత్రం బూడిదరంగు మచ్చలా ఆగిపోతుంది. న్యూ ఆర్లీన్స్ నాణెం జుట్టు చదునుగా ఉందని ఏయూ ధర చెప్పిన వ్యాపారి దగ్గర, మెరుపు తెగకపోవడం గమనించి తీసుకున్న నాణేలే నా పెట్టెలో అన్నింటికంటే లాభసాటివి.

తోమిన నాణేన్ని గుర్తుపట్టడం

ధరను అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతీసేది శుభ్రం చేయడం. అందంగా, తెల్లగా మెరుస్తున్న నాణెం చవకగా దొరికిందంటే పది సందర్భాల్లో తొమ్మిదిసార్లు దాన్ని ఎవరో తోమి ఉంటారు. ఈ పాఠం నేను ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అమ్మ ఇక్కడికి వచ్చిన ఏడాది, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు వెండి కుందులతో, పళ్లెంతో పాటు నా బల్ల మీదున్న 1922 పీస్ డాలర్‌ను కూడా విభూతితో శ్రద్ధగా తోమి, కడిగి, తుడిచి పూజలో పెట్టింది. ఏమీ అనలేకపోయాను. ఆ మరుసటి రోజు భూతద్దం కింద చూస్తే నాణెం నిండా ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు, బండిచక్రం మెరుపు మాయం, దాని స్థానంలో కొత్త స్టీలు గిన్నెలా ఒక తెల్లని చదును వెలుగు. అక్షరాల మూలల్లో మాత్రం తోమడానికి అందని చోట పాత నలుపు అలాగే ఉంది.

అది మామూలు సంవత్సరం నాణెమే కాబట్టి పోయిన డబ్బు పెద్దగా లేదు. అప్పటి నుంచి ఏ ప్రదర్శనకు వెళ్లినా ఆ నాణేన్ని జేబులో తీసుకువెళ్తాను. అనుమానం వచ్చిన నాణెం పక్కన దాన్ని పెట్టి, ఒకే దీపం కింద రెండూ వాలుస్తాను. కంసాలికి గీటురాయి ఎలాగో నాకది అలాగ. మీరు కూడా వెండి ధరకు తోమిన నాణెం ఒకటి, ఏ సేకర్త దగ్గరైనా మెరుపు చెడని నాణెం ఒకటి కొని, వారం రోజులు రాత్రిపూట దీపం కింద ఆ రెంటినీ తిప్పి చూడండి. పుస్తకంలో నెల రోజులు చదివినా రాని చూపు దీనితో వస్తుంది. రసాయనంలో ముంచి నలుపు తీసిన నాణేలకు గీతలు పడవు గానీ, పలుమార్లు ముంచితే మెరుపు పలచబడి, పాలిపోయినట్టు కనిపిస్తాయి. మీ చేతికి వచ్చిన నాణేన్ని చింతపండుతోనూ, పళ్లపొడితోనూ, కుంకుడు రసంతోనూ ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టకండి.

ధర ఎక్కడ ఎగిరి దూకుతుందో తెలుసుకోవడం

ఒక్కో సంవత్సరానికి ధర మెట్లు మెట్లుగా పెరగదు, ఏదో ఒకచోట కొండ అంచులా లేస్తుంది. ఆ అంచుకు ఇవతల నిలబడి కొనడమే చవకగా సేకరించడంలోని అసలు కిటుకు. 1884 ఎస్ మోర్గాన్ అరిగిన స్థితిలో సులువుగా, మామూలు ధరకు కాస్త పైన దొరుకుతుంది. అదే నాణెం తిరగని స్థితిలో వేల డాలర్లు పలుకుతుంది. 1892 ఎస్, అక్షరం లేని 1901, 1886 ఓ కూడా ఇదే తీరు. ఇలాంటి వాటిని వీఎఫ్, ఎక్స్‌ఎఫ్ స్థితిలో కొనుక్కుంటే మీ సేకరణలో ఆ గడి నిండుతుంది, జేబుకు చిల్లు పడదు. ఈ సంవత్సరాల్లో ‘దాదాపు తిరగనిది’ అంటూ అమ్మే నాణేలకు మాత్రం దూరంగా ఉండండి. అరుగుదల కాస్త దాచి ఎంఎస్ ధరకు అంటగట్టే ప్రయత్నం ఎక్కువగా జరిగేది వీటిలోనే.

దీనికి పూర్తి వ్యతిరేకం 1880 ఎస్, 1881 ఎస్, 1884 ఓ, 1885 ఓ నాణేలు. ఇవి సంచులకొద్దీ తిరగకుండా నిలవ ఉండిపోయాయి కాబట్టి ఎంఎస్ 63, 64 స్థితిలో కూడా అందుబాటు ధరకే వస్తాయి. వీటిలో అరిగిన నాణేనికి మక్కువ పడటం దండగ. కాస్త ఎక్కువ పెట్టి, గద్ద ఈకలు ఒక్కొక్కటీ విడిగా కనిపించే శాన్‌ఫ్రాన్సిస్కో నాణేన్ని ఎంచుకోండి. 64 అంకె ఉన్నవాటిలో చెంప మీద గీతలు లేనిదాన్ని ఏరితే 65 అంకె నాణేనికి తీసిపోని అందం, అంతకంటే తక్కువ ధర. మోర్గాన్‌లో ఆ నున్నని చెంప చూపరుల కన్ను మొదట పడేచోటు కాబట్టి అక్కడి ఒక్క గాటు మిగతా చోట ఉన్న నాలుగు గాట్లకు సమానం.

ఎన్ని ముద్రించారన్న అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో అత్యధిక భాగం ఎక్కడికి పోయిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు: మన దేశానికే. యుద్ధకాలంలో భారతదేశంలో వెండి రూపాయలకు కొరత వచ్చి, నోట్లకు బదులు వెండి ఇమ్మని జనం ఎగబడుతుంటే, బ్రిటిష్ ప్రభుత్వం అమెరికా నుంచి ఆ లోహాన్ని కొని రూపాయలుగా ముద్రించింది. మన తాతమ్మల భోషాణాల్లో మిగిలిన ఆ కాలపు జార్జి రూపాయల్లో మోర్గాన్ డాలర్ల వెండి కలిసి ఉండవచ్చు. కరిగినవి ఏ సంవత్సరాలవో ఎవరూ లెక్క రాయలేదు. అందువల్ల పాత ముద్రణ అంకెలకూ ఈనాడు మిగిలిన నాణేలకూ పొంతన లేదు.

1903 ఓ కథ ఇందుకు చక్కని ఉదాహరణ. అది దాదాపుగా కరిగిపోయిందని నమ్మి, 1962 వరకు తిరగని నాణేనికి 1500 డాలర్ల దాకా విలువ కట్టేవారు. ఆ ఏడాది చివర్లో ఖజానా నుంచి దాని సంచులు బయటపడ్డాయి, విలువ కొద్దికాలంలోనే కుప్పకూలింది. కార్సన్ సిటీ నాణేలదీ దీనికి దగ్గరి సంగతే. ఖజానాలో మిగిలిపోయిన దాదాపు 28 లక్షల నాణేలను 1972 నుంచి 1980 మధ్య ప్రభుత్వమే నల్లని ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి విడతలవారీగా అమ్మింది. 1884 సీసీ నాణేలు మొత్తం 11 లక్షల 36 వేలు ముద్రిస్తే, అందులో 9 లక్షల 60 వేలకు పైగా ఈ అమ్మకాల్లోనే బయటికి వచ్చాయి. సీసీ అక్షరాలు చూడగానే అపురూపమని గుండె కొట్టుకోనివ్వకండి. కొనదలిస్తే ఆ నల్లపెట్టె, దాని అట్ట, కాగితం అన్నీ ఉన్నదాన్నే చూసుకోండి, మళ్లీ అమ్మేటప్పుడు వాటికి వేరే విలువ ఉంటుంది.

ఓపిక ఉన్నవారికి ఇంకో దారి ఉంది. ముద్ర దిమ్మెల్లో తేడాల వల్ల ఒకే సంవత్సరం, ఒకే ఊరి నాణేల్లో చిన్న చిన్న వైవిధ్యాలు వచ్చాయి. వాటిని పరిశోధించిన వాన్ ఆలెన్, మాలిస్ పేర్ల మొదటి అక్షరాలతో వాటికి వామ్ సంఖ్యలు ఇచ్చారు. 1888 ఓ నాణేల్లో ఒక రకానికి స్వేచ్ఛాదేవత పెదవులు, ముక్కు, గడ్డం రెండేసిగా ముద్ర పడ్డాయి. అక్షరం లేని 1901లో ఒక రకానికి బొరుసు వైపు గద్ద తోక, బాణాలు జంటగా కనిపిస్తాయి. 1900 ఓ నాణేల్లో కొన్నింటిలో ఓ కింద పాత సీసీ ఆనవాళ్లుంటాయి, కార్సన్ సిటీ దిమ్మెలను న్యూ ఆర్లీన్స్‌కు మార్చి వాడటమే అందుకు కారణం. ఉమ్మడి ధర పెట్టెలో వెతకవలసింది వీటినే, ఎందుకంటే ప్రతి నాణేన్నీ పదింతల భూతద్దంతో చూసే తీరిక వ్యాపారికి ఉండదు. మొదట్లో ఇలాంటి రకాలు నాలుగైదింటిని మాత్రమే బట్టీ పట్టండి, వందలకొద్దీ గుర్తుపెట్టుకోవాలని చూస్తే ఒక్కటీ కంటపడదు.

మోర్గాన్ నాణేలు సంవత్సరం, అక్షరం ప్రకారం పూర్తిగా పోగు చేయాలంటే దాదాపు వంద గడులు నింపాలి. పీస్ డాలర్లకు 24 చాలు. బడ్జెట్ తక్కువగా ఉంటే పీస్ డాలర్లతో మొదలుపెట్టండి. ముద్ర ఎత్తుగా పడిన 1921, కేవలం 3 లక్షల 60 వేలు ముద్రించిన అక్షరం లేని 1928 తప్ప, మిగిలినవన్నీ అరిగిన స్థితిలో మధ్యతరగతి జేబుకు అందుతాయి.

నకిలీలు

కారుచౌకగా దొరికిందనిపించిన ప్రతి నాణేన్నీ ముందు నకిలీ అనుకునే పరీక్షించాలి. వందో వంతు గ్రాము చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, వ్యాసం కొలిచే కాలిపర్, చిన్న నియోడిమియం అయస్కాంతం ఈ మూడూ సంచిలో ఉండాలి. అరగని నాణెం 26.73 గ్రాములకు అటూ ఇటూగా పదో వంతు గ్రాములోపే ఉండాలి. అరిగినది కాస్త తేలిక కావచ్చు గానీ బరువెక్కదు. అయస్కాంతానికి వెండి అంటుకోదు, నాణేన్ని ఏటవాలుగా పట్టి దాని మీద అయస్కాంతాన్ని జారిస్తే నెమ్మదిగా, ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు జారుతుంది. ఆసియాతో వ్యాపారం కోసం అమెరికా ముద్రించిన ట్రేడ్ డాలర్లంటూ ఆసియా దేశాల్లోని పర్యాటక బజార్లలో కనిపించేవాటిలో చాలావరకు నకిలీలే. ఆ డాలర్ ముద్రణ 1873లో మొదలైంది కాబట్టి, దాని మీద అంతకు ముందటి, 1800 వంటి సంవత్సరం కనిపిస్తే కాటా తీసే పని కూడా లేదు.

అసలు నాణేనికే నకిలీ అక్షరం అతికించే పద్ధతి ఇంకా ప్రమాదకరం, బరువూ వెండీ అన్నీ సరిపోతాయి కాబట్టి. మోర్గాన్‌లో అందరూ ఆశపడే 1893 ఎస్ ముద్రించింది సరిగ్గా లక్ష. నిజమైన వాటన్నింటికీ బొమ్మ వైపు దిమ్మె ఒకటే కావడం వల్ల, లిబర్టీ అనే పదంలో టీ అక్షరం పైభాగాన ఏటవాలుగా ఒక సన్నని ఉబ్బు గీత ఉంటుంది. ఆ గీత లేకపోతే ఎవరు ఎంత చెప్పినా అది 1893 ఎస్ కాదు. పీస్ డాలర్లలో 1928 ఎస్ నుంచి అక్షరం చెక్కేసి అక్షరం లేని 1928గా అమ్మేవారున్నారు. అక్షరం ఉండవలసిన చోట నేల గరుకుగా, మెరుపు తెగి ఉంటే వదిలేయండి.

ఇంత విలువైనవి కొనేటప్పుడు పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు పరీక్షించి ప్లాస్టిక్ పలకలో మూసి ఇచ్చిన నాణేలే తీసుకోవాలి. ఆ పలకను స్లాబ్ అంటారు. మనకు ఆ మాట వినగానే ఇంటి పైకప్పు గుర్తుకు వస్తుంది గానీ ఇక్కడ అది అరచేతిలో పట్టేంత పలక. పలకలు కూడా నకిలీవి వస్తున్నాయి కనుక, దాని మీది సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడి ఫొటోతో చేతిలోని నాణేన్ని పోల్చి చూడండి. పలకలో ఉన్నంత మాత్రాన ధర సరైనదని కాదు. ఒకే 64 అంకెలో చక్కని నాణెమూ ఉంటుంది, అంచున గట్టెక్కినదీ ఉంటుంది.

ఎక్కడ కొనాలి, ఎలా బేరమాడాలి

ఊళ్లో నాణేల క్లబ్బు నెలకోసారి పెట్టే చిన్న ప్రదర్శన కొత్తవారికి మేలైన చోటు. జనవరిలో ఫ్లోరిడాలోనూ, వేసవిలో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ తరఫునా జరిగే పెద్ద ప్రదర్శనల్లో నాణేలు ఎక్కువే గానీ, అక్కడి వ్యాపారులకు మీకంటే బాగా తెలుసు. బంగారు నాణేలో, పురాతన గ్రీకు నాణేలో అమ్మేవారి బల్ల మీద ఓ మూలన పడి ఉన్న నాలుగు డాలర్లను తప్పక చూడండి, వాటి మీది చీటీలు ఎప్పటివో అయ్యుంటాయి. ముగింపు రోజు మధ్యాహ్నం, పెట్టెలు సర్దుకునే వేళకు వెళ్తే మళ్లీ మోసుకుపోవడం ఎందుకని ధర తగ్గించేవారుంటారు, అయితే ఆ వేళకు మంచివి పోయి ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. నేనైతే మొదటిరోజు చూసి, చివరిరోజు అడుగుతాను.

వ్యాపారులు తమలో తాము కొనుగోలుకు ఆధారంగా పెట్టుకునే గ్రేషీట్ అనే ధరల పట్టిక ఉంది. దాని సంగతి తెలిసి వెళ్తే మీ మాట తీరే మారుతుంది. అడిగేటప్పుడు నాణేన్ని తక్కువ చేసి మాట్లాడకండి, మన ఊరి సంతలో చెల్లుబాటయ్యే ఆ పద్ధతి ఇక్కడ ఎదుటివారిని నొప్పిస్తుంది. ‘ఈ మూడూ కలిపి నగదు ఇస్తే ఎంతకు ఇస్తారు?’ అని సూటిగా అడిగి, వచ్చిన ధర నచ్చకపోతే ధన్యవాదాలు చెప్పి కదలండి. కొనకుండా మర్యాదగా వెళ్లినవాడిని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు, తర్వాతి నెల పెట్టెలో పెట్టకముందే నాణెం తీసి చూపిస్తారు. నాకు అలా వచ్చిన నాణేలు వేలంపాటల్లో వచ్చినవాటికంటే ఎక్కువ.

ఈబేలో కొనేటప్పుడు అడుగుతున్న ధరలు చూడటం వృథా, అమ్ముడైన ధరలను మాత్రమే వడకట్టి చూడాలి. ఫొటో మసకగా ఉన్నా, వెలుగు మరీ ఎక్కువైనా, తిరిగి ఇచ్చే వీలు లేకపోయినా పక్కకు తప్పుకోండి. ‘ఎవరూ వెతకని పాత కట్ట’ అంటూ ఇరవై నాణేల కాగితపు చుట్టలు, రెండు కొసల్లో అరుదైన నాణేలు కనిపించేలా పెట్టి అమ్ముతుంటారు. కొసల్లో ఉన్నవి ఎవరో కావాలని పెట్టినవి, లోపలివి అరిగినవి. నేను ఒకటి కొని విప్పి చూశాను, పద్దెనిమిదీ 1921వే. వేలంపాటల్లో పాడిన ధరకు పైన కొనుగోలుదారు రుసుము కలుపుతారు. ఆ రుసుము 20 శాతమైన చోట, 100 డాలర్లకు దక్కిన నాణెం 120 అవుతుంది, దాని మీద రవాణా, కొన్ని రాష్ట్రాల్లో అమ్మకం పన్ను. టెక్సాస్ వంటి రాష్ట్రాలు నాణేలకు ఆ పన్ను మినహాయించాయి, మీ రాష్ట్రం నియమం ముందే చూసుకోండి. మీ గరిష్ఠ ధరను ఇవన్నీ కలిపిన మొత్తంగా రాసుకుని, పాట అక్కడికి చేరగానే ఆపండి.

ఇంటికి తెచ్చాక నాణేలను మెత్తటి పీవీసీ కవర్లలో ఉంచకండి, కొన్నేళ్లకు వాటి మీద ఆకుపచ్చని జిగట పట్టి నాణెం పాడవుతుంది. గట్టి మైలార్ కవర్లు గానీ, నాణేనికి సరిపోయే గుండ్రటి డబ్బాలు గానీ వాడండి, తేమ లేని చోట పెట్టండి. ప్రతి నాణేనికీ ఒక చీటీ రాయండి: కొన్న తేదీ, చోటు, ఇచ్చిన ధర, ఆ రోజు ఔన్సు వెండి ధర, దాన్ని ఎందుకు కొన్నారో ఒక వాక్యం. అమెరికాలో పన్ను కట్టేవారు ఏడాదికి పైగా ఉంచి లాభానికి అమ్మితే, ఇలాంటి సేకరణ వస్తువుల మీద పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉండవచ్చు కాబట్టి, కొన్న ధర రుజువు అప్పుడు అక్కరకు వస్తుంది. ఆరు నెలలకోసారి ఆ చీటీలన్నీ బల్ల మీద పరిచి, చివరి వాక్యాలు మాత్రం చదవండి. నా మొదటి ఏడాది చీటీల్లో చాలావాటి మీద ‘మెరుస్తోంది’ అని మాత్రమే రాసి ఉంది.